చనిపోయాక పదమూడు కాగితాలు, బతికుండగా ఒక్క ప్రశ్న లేదు

మన సంఘంలో ఒక పని ఉందంటే అందరూ నా పేరే చెప్తారు. ఎవరైనా రైతు ఆత్మహత్య చేసుకుంటే ఆ కుటుంబానికి సర్కారు నుంచి రావలసిన సొమ్ము కోసం కాగితాలు జమ చేసే పని అది. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, పాసుపుస్తకం, బ్యాంకు అప్పు కాగితం, షావుకారు దగ్గరి ప్రామిసరీ నోటు, రేషన్ కార్డు, ఇట్లా పదమూడు రకాలు. ఏ కాగితం ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఆగిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 421 జీవో వచ్చినప్పుడు లక్షన్నర ఇచ్చేవాళ్లు. 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం 194 జీవో తెచ్చి దాన్ని ఆరు లక్షలు చేసింది. అయిదు కుటుంబానికి, ఒకటి అప్పుల కిందికి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ కలిసిన ముగ్గురి కమిటీ ఊరికి వచ్చి విచారణ చేయాలి. ఆ విచారణలో ఏం అడుగుతారు, కుటుంబం ఏం చెప్పాలి, అన్నీ నాకు తెలుసు.

ఇంత తెలిసిన నేను ఒక చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. అడిగింది మా మేనకోడలు.

సంఘం పని మీద హైదరాబాద్ పోయినప్పుడల్లా మెట్టుగూడలో మా చెల్లెలింట్లో దిగుతాను. మా బావ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. వాళ్ల బిడ్డ ఉస్మానియా యూనివర్సిటీలో ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతున్నది. అంటే సోషల్ వర్క్ చదువు. తార్నాక దాటితే క్యాంపసే. వారంలో కొన్ని రోజులు క్లాసులు, కొన్ని రోజులు ఆసుపత్రికో బస్తీకో పోయి పని నేర్చుకోవడం. ఆ రాత్రి అన్నాలు తిన్నాక ఆమె ఒక నోట్‌బుక్ తెచ్చుకుని నా ముందు కూర్చుంది.

"మామా, మీ ఊళ్లో బాధల ఉన్న మనిషి గురించి చెప్పు. పేరు చెప్పకు. నేను కేసు హిస్టరీ రాసుడు ప్రాక్టీసు చేస్త" అన్నది.

నాకు వెంటనే మనసులోకి వచ్చింది మా ఊరి కౌలు రైతు. నలభై ఏళ్ల మనిషి, సంఘం సభ్యుడు. సొంత భూమి లేదు. ఆరెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టేవాడు. సంక్రాంతి పోయిన పది రోజులకు పోయాడు. అతని ఫైలు నడిపింది నేనే కాబట్టి అన్నీ నోటికి వచ్చు. కౌలు ఎకరాకు ఎంత, ఎరువుల దుకాణంలో బాకీ ఎంత, షావుకారు దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది ఎంత, అన్నీ గడగడా చెప్పాను. ఆమె రాసుకుంటూ పోయింది. రాయడం ఆపి అడిగింది.

"ఆయనకు ఎప్పటిసంది నిద్ర పడుతలేదు?"

నాకు తెలియదు.

"తిండి తగ్గిందా? ఇంతకుముందు చేసే ఏ పని మానేసిండు? ఎవరితోని మాట్లాడుడు బంద్ చేసిండు?"

అప్పుడు ఒక్కొక్కటి గుర్తుకు వచ్చాయి. దసరా తర్వాత అతను సంఘం మీటింగులకు రావడం మానేశాడు. రెండో ఏరుడు పత్తి చెట్టు మీదనే ఉండిపోయింది, కూలీలను పిలవలేదు. చాయ్ హోటల్ దగ్గర నేనే ఎగతాళి చేశాను, "ఏందిరో, సంఘంతోని అవసరం తీరిందా?" అని. నవ్వి ఊరుకున్నాడు. మంచి పనిమంతుడు, ఈ మధ్య బద్ధకం ఎక్కువైంది అని మాలో మేం అనుకున్నాం. మూడు నెలలు మా కళ్ల ముందే జరిగింది. అతని అప్పు పైసలతో సహా తెలిసిన నాకు అతను రాత్రి పడుకుంటున్నాడా లేదా తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఈ వ్యాసం రాస్తున్నది అందుకే. మన సంఘాల్లో 'మానసిక' అన్న మాట వింటే చాలామందికి ఒళ్లు మండుతుంది. నాకూ మండేది. దానికి కారణం లేకపోలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయం మీద బతికే 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 5,207 మంది రైతులు, 6,083 మంది వ్యవసాయ కూలీలు. ఇంత మంది పోతుంటే కారణాల పట్టికలో 'కుటుంబ సమస్యలు', 'అనారోగ్యం' అని రాసి చేతులు దులుపుకుంటారు. ముగ్గురి కమిటీ ఊరికి వచ్చినప్పుడు కూడా అంతే. తాగేవాడా, ఇంట్లో పోట్లాటలు ఉన్నాయా, పిచ్చి ఏమైనా ఉందా అని అడుగుతారు. అవునంటే ఇది వ్యవసాయ ఆత్మహత్య కాదని రాసి పోతారు. అందుకని మేం కుటుంబాలకు ముందే చెప్పి పెడతాం, ఆ మాటలు ఎత్తొద్దని. రైతు మనసు బాగానే ఉంది, ధరలే బాగా లేవు అని వేదికల మీద నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

ఆ మాటలో సగం నిజం ఉంది. గిట్టుబాటు ధర లేక, కౌలు రైతుకు గుర్తింపు లేక, పాసుపుస్తకం చేతికి రాక కలిగే దుఃఖానికి గోలీలు మందు కావు. 2018లో రైతు స్వరాజ్య వేదిక, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లు కలిసి తెలంగాణలో ఆత్మహత్యలు జరిగిన 692 కుటుంబాలను కలిశారు. నూటికి 75 మంది కౌలుదారులే అని తేలింది. పట్టా లేనివాడికి అప్పట్లో రైతుబంధు రాలేదు, 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా లేదు, బ్యాంకు అప్పు లేదు. కౌలుదారులకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లో చేసిన చట్టం ఉంది, దాన్ని పక్కన పడేశారు. దీన్ని డాక్టరు బాగు చేయలేడు.

కాని మిగతా సగం మేం చూడలేదు. అదే ఊళ్లో, అదే పత్తి వేసి, అంతే అప్పు ఉన్న పది మందిలో ఒకరు నిద్ర పోగొట్టుకుని మంచం పడతాడు. అప్పు ఎక్కడ ఆగుతుందో, జబ్బు ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పడం కుదరదు. అప్పు జబ్బు తెస్తుంది. జబ్బు పడ్డవాడు పత్తి ఏరడు, మందు కొట్టడు, బ్యాంకుకు పోడు, దాంతో అప్పు పెరుగుతుంది. మా కౌలు రైతు విషయంలో రెండో ఏరుడు పత్తి చెట్టు మీద ఉండిపోవడం ధర లేక కాదు. ఆ వారం ధర ఉంది. అతనికి లేచే శక్తి లేదు.

మేనకోడలు ఆ రాత్రి తన నోట్‌బుక్‌లో ఒక బొమ్మ గీసి చూపించింది. మధ్యలో ఒక సున్నా, అందులో మనిషి, అతని ఇల్లు. చుట్టూ చిన్న చిన్న సున్నాలు. భార్య తల్లిగారిల్లు, భూమి ఆసామి, షావుకారు, ఎరువుల దుకాణం, బ్యాంకు, బడి, కల్లు దుకాణం, గుడి, సంఘం. మనిషికి బలంగా ఉన్న సంబంధానికి మందపు గీత, సన్నబడిన దానికి చుక్కల గీత, తగాదా ఉన్న దానికి వంకర టింకర గీత. సోషల్ వర్కర్ చేసే అంచనాలో ఇది ఒక భాగమట. "సంఘానికి ఏ గీత గీయాలె మామా?" అని అడిగింది. చుక్కల గీత గీయమన్నాను.

ఇది నాకు కొత్తగా తెలిసింది. డాక్టరు జబ్బు పేరు చెప్తాడు, మందు రాస్తాడు. సోషల్ వర్కర్ ఆ మనిషిని అతని ఇంటితో, పొలంతో, అప్పుతో కలిపి చూస్తాడు. ముందు మనిషితో ఒంటరిగా మాట్లాడతారు, తర్వాత ఇంట్లోవాళ్లతో. ఎందుకంటే భార్య ముందు భర్త, కొడుకు ముందు తండ్రి నిజం చెప్పరు. ఎప్పటి నుంచి ఇట్లా ఉంది, అంతకుముందు ఏం జరిగింది, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లాంటిది వచ్చిందా, ఎక్కడెక్కడ చూపించారు, ఎంత ఖర్చు పెట్టారు, కల్లు సారా ఎంత. కల్లు సంగతి ఎందుకంటే, 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు వందల మంది చేతులు వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ ఆసుపత్రుల్లో పడ్డది మీకు గుర్తుండే ఉంటుంది. కల్లులో కలిపిన అల్ప్రాజోలం, డైజిపాం ఒక్కసారి ఆగిపోయినందుకు వచ్చిన గోస అది. అడగకపోతే దాన్ని పిచ్చి అనుకుంటారు.

తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. కుంగుబాటు ఉందా అని చూడటానికి ప్రపంచమంతా వాడతారు. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులు ఉన్నావు, నిద్ర ఎట్లా ఉంది, అలసట, ఆకలి, నేను దేనికీ పనికిరాను అనే ఆలోచన, ఇట్లా ఉంటాయి. అసలు లేదంటే సున్నా, దాదాపు రోజూ అంటే మూడు. అన్నీ కలిపి 27. పది గాని, అంతకు మించి గాని వస్తే డాక్టరుకు చూపించాలి. చివరి ప్రశ్న ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ఒక్క మార్కు పడ్డా, మొత్తం ఎంత వచ్చినా సరే, ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు.

నేను ఇక్కడ ఆపి అడిగాను. "బిడ్డా, అట్ల సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?"

"కాదు మామా. అందరు అట్లనే భయపడతరు. అడిగితే మనిషికి బరువు దిగుతది. అడగకపోతే లోపల్నే పెట్టుకుంటడు. కాని అడిగినంక లేచిపోవద్దు. కూసొని వినాలె. ఇంట్ల పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నయో అడిగి, ఇంకొకరి చేతికి తాళం ఇయ్యాలె" అన్నది.

ఈ చివరి మాట పొలం మనుషులం మనం అందరం పట్టించుకోవాలి. మన ఇళ్లలో మందు డబ్బాలు మంచం కింద ఉంటాయి. శ్రీలంక ప్రభుత్వం బాగా విషపూరితమైన పురుగుమందులను 1990ల నుంచి ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోతే ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గిపోయాయి. మనిషిని కమ్మిన ఆ గడియ దాటిపోతే చాలాసార్లు బతుకు మళ్లీ గాడిలో పడుతుంది. ఆ గడియలో డబ్బా చేతికి అందకపోవడం పెద్ద సంగతి.

కుంగుబాటు ఒక్కటే కాదు, పెద్ద జబ్బుల సంగతీ చెప్పాలి. మా పక్క ఊళ్లో ఒక రైతు చిన్న కొడుకు, ఇరవై నాలుగేళ్లవాడు, తనలో తాను మాట్లాడుకోవడం, రాత్రిళ్లు పొలం గట్ల మీద తిరగడం మొదలుపెట్టాడు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని చెప్పేవాడు. చేతబడి అన్నారు. భూతవైద్యుడి దగ్గరికి, దర్గాకు, రెండు మూడు ప్రైవేటు దవాఖానలకు తిప్పారు. జత ఎడ్లు అమ్మారు. ఊళ్లో పిల్లలు "ఎర్రగడ్డ" అని పిలవడం మొదలుపెట్టారు. ఎర్రగడ్డ ఆసుపత్రి మన దగ్గర తిట్టుగా మారిపోవడం కూడా ఒక దౌర్భాగ్యమే. అక్కడ బాగుపడి ఇంటికి పోయినవాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

చివరికి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించారు. నేను తోడు పోయాను. డాక్టరు మాట్లాడింది పది నిమిషాలు. తర్వాత సోషల్ వర్కర్ అమ్మాయి దాదాపు గంటసేపు మాట్లాడింది. గోలీలు ఎవరు ఇస్తారు, ఎక్కడ పెడతారు, పిల్లవాడు ఎవరితో కలిసి తింటాడు, జబ్బుకు ముందు ఏ పని ఇష్టంగా చేసేవాడు. దర్గాకు పోవద్దని ఆమె చెప్పలేదు. "పోండి అమ్మా, గోలీలు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి" అన్నది. గోలీలకు మగతగా ఉంటుందని, దాన్ని బద్ధకం అని తిట్టొద్దని తండ్రికి చెప్పింది. బర్రెలంటే ఇష్టమని తల్లి చెప్తే, మొదట రోజుకు ఒక్క పూట బర్రెల మేత పని అప్పగించమని చెప్పింది. పదిహేను రోజులకు ఫోన్ చేసి అడిగింది కూడా.

ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. అది మాకెవరికీ తెలియదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మానసిక జబ్బు ఒకటి. దానికి వేరే కొలత పట్టిక ఉంది. తనను తాను చూసుకోవడం, మనుషులతో కలవడం, మాట్లాడటం, పని చేయడం, ఎన్నేళ్ల నుంచి జబ్బు, వీటి మీద లెక్క కడతారు. 40 శాతం గాని, అంతకు మించి గాని ఉంటే వైకల్య సర్టిఫికెట్, దాని మీద పింఛను. తెలంగాణలో 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. కాళ్లు చేతులు బాగున్నవాడికి వికలాంగుల పింఛను ఏంటని ఊళ్లో కొందరు గొణిగారు. నేను చట్టం చూపించాను. ఆ పిల్లవాడు పూర్తిగా బాగయ్యాడని చెప్పను. ఇప్పటికీ ఒక్కోసారి ముభావంగా కూర్చుంటాడు, పెళ్లి సంగతి ఎత్తితే తల్లి కన్నీళ్లు పెడుతుంది. కాని రెండు బర్రెల పాలు అతనే పిండి కేంద్రానికి పోసి వస్తున్నాడు.

అట్లాంటి సోషల్ వర్కర్ ప్రతి జిల్లాలో ఉండాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. మానసిక వైద్యుడు, సైకాలజిస్టు, నర్సుతో పాటు సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కూడా ఆ బృందంలో ఉండాలి. చట్టం ప్రకారం అతను ఎం.ఎస్.డబ్ల్యూ. అయ్యాక ఇంకో రెండేళ్లు ఆసుపత్రి శిక్షణతో ఎంఫిల్ చేసి ఉండాలి. అంత చదువు చదివినవాళ్లు దేశంలోనే తక్కువ, చదివినవాళ్లను కాంట్రాక్టు మీద తీసుకుంటే ఎన్నాళ్లు ఉంటారు? కౌలు రైతు పోయిన తర్వాత, పేరు ఎందుకు గాని ఒక జిల్లా ఆసుపత్రికి నేను మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఆ కుర్చీ ఖాళీ.

చట్టం మాత్రం బాగుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. సర్కారు నడిపే, సర్కారు డబ్బుతో నడిచే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అని 18వ సెక్షన్ చెప్తుంది. ఆత్మహత్యాయత్నం చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, అతన్ని శిక్షించరాదు, చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అని 115వ సెక్షన్. ఒకప్పుడు మానసిక చికిత్స తీసుకున్నాడన్న ఒక్క కారణం చూపించి ఇప్పుడూ జబ్బు మనిషే అని ముద్ర వేయకూడదని కూడా ఉంది. ఇది మనకు చాలా ముఖ్యం. ఎందుకంటే వైద్యం చేయించుకున్న కాగితం ఉంటే రేపు 194 జీవో సొమ్ముకు అడ్డం వస్తుందేమో అన్న భయంతో కుటుంబాలు దాచుకుంటున్నాయి. మేమే దాచమని చెప్పాం. చికిత్స కాగితం చూపించి పరిహారం నిరాకరించకూడదని ఆ జీవోకు ఒక సవరణ తెమ్మని మనం అడగాలి. అప్పు తెచ్చిన జబ్బుతో పోయినవాడు అప్పుతో పోయినవాడే.

మెట్టుగూడకు కూతవేటు దూరంలో, తార్నాకలో, సుస్థిర వ్యవసాయ కేంద్రం ఆఫీసు ఉంది. వాళ్లు 2017లో వికారాబాద్ జిల్లా యంత్రాంగంతో కలిసి కిసాన్ మిత్ర అని రైతుల హెల్ప్‌లైన్ మొదలుపెట్టారు. తర్వాత ఆదిలాబాద్, మంచిర్యాల జిల్లాలకు పోయింది. దాని పద్ధతి నాకు నచ్చింది. నాకు మనసు బాగాలేదు అని ఏ రైతూ ఫోన్ చేయడు. పాసుపుస్తకంలో రెండు గుంటలు తక్కువ పడ్డాయి, బ్యాంకువాళ్లు పైసలు పట్టుకున్నారు, విత్తనం మొలవలేదు, ఇట్లాంటివే చెప్తారు. ఫోన్ ఎత్తినవాళ్లు ఆ సమస్యను రాసుకుని, సంబంధిత ఆఫీసుకు పంపి, మండలాల్లో తిరిగే తమ మనుషుల ద్వారా వెంటపడతారు. పని అయ్యేదాకా మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారు. మాటల్లో మనిషి కుంగిపోయాడని తెలిస్తే ఇంటికి పోతారు. మనసును భూమి కాగితం గుండా చేరుకోవడం అంటే ఇదే. ధరణి ఉన్న నాళ్లు ఎంతమంది రైతులు పేరు తప్పు పడిందని నిద్ర లేకుండా గడిపారో మనకు తెలుసు. ఇప్పుడు భూభారతి వచ్చింది, ఆ తప్పులు ఇంకా దిద్దుతూనే ఉన్నారు.

కాని కొన్ని జిల్లాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ చేస్తున్నదని ప్రభుత్వం ఊరుకోకూడదు. విదర్భలో, మనలాగే పత్తి వేసే అమరావతి జిల్లాలో, 30 ఊళ్లలో ఒక ప్రయత్నం జరిగింది. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటు ఉన్నవాళ్లను గుర్తించి, మాట్లాడి, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపించారు. మొదట కుంగుబాటు ఉన్న నూరు మందిలో నలుగురు మాత్రమే ఎవరినైనా కలిసి సహాయం అడిగేవాళ్లు. ఏడాదిన్నరలో అది 27 అయింది. మహారాష్ట్ర ప్రభుత్వం కూడా 2015లో ఆత్మహత్యలు ఎక్కువున్న జిల్లాల్లో ఆశా కార్యకర్తలతో రైతుల ఇళ్లకు పోయి అడిగే కార్యక్రమం పెట్టింది. అక్కడ ఆత్మహత్యలు ఆగిపోలేదు, ధరలు బాగుపడలేదు కనుక. అయినా నలుగురి నుంచి 27కు పోవడం నాకు చిన్నగా కనిపించడం లేదు.

మన దగ్గర జాగా ఉంది. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు, అయిదు వేల ఎకరాలకు ఒకటి లెక్కన. చాలాచోట్ల తాళాలు వేసి ఉన్నాయి, మీకే తెలుసు. వారానికి ఒక రోజు ఒక సోషల్ వర్కర్ అక్కడ కూర్చోవాలి. ఎంఫిల్ చేసినవాళ్లు జిల్లాకు ఇద్దరు ఉండి, వాళ్ల కింద ఎం.ఎస్.డబ్ల్యూ. చదివిన పిల్లలను మండలానికి ఒకరిని పెట్టినా పని నడుస్తుంది. ఏటా ఉస్మానియాలో, కాకతీయలో, ఇంకా ఎన్నో కాలేజీల్లో ఈ చదువు చదివినవాళ్లు ఉద్యోగం లేక కంపెనీల్లో వేరే పనులు చేసుకుంటున్నారు. మా మేనకోడలికీ అదే భయం. వాళ్లకు పర్మినెంటు ఉద్యోగం, తిరగడానికి బండి ఖర్చు ఇవ్వమని ఈసారి కలెక్టరేట్ ముందు మన డిమాండ్లలో మద్దతు ధర పక్కనే రాయాలి. ఇది దాన్ని పలుచన చేస్తుందని కొందరు కామ్రేడ్లు అన్నారు. నేను ఒప్పుకోను. ముగ్గురి కమిటీలో ఆర్డీవో, డీఎస్పీ, ఏడీఏ చచ్చినవాడి గురించి ఇల్లు ఇల్లు తిరిగి అడుగుతారు కదా. ఆ ఓపికలో పావు వంతు బతికున్నవాడి మీద పెట్టమంటున్నాం.

అప్పటిదాకా సంఘం ఊరికే ఉండాల్సిన పని లేదు. గ్రామ కమిటీలో ప్రతి నెలా ఎవరు బాకీ ఉన్నారు, ఎవరు చందా కట్టలేదు అని చూస్తాం. ఎవరు రావడం మానేశారు, ఎందుకు అని కూడా చూద్దాం. రోగం పేరు పెట్టడం మన పని కాదు, పెట్టొద్దు కూడా. అడగడం, వినడం, తోడు పోవడం మన పని. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది, రాత్రి పగలు తెలుగులోనే మాట్లాడతారు, పైసలు లేవు. ఈ నంబరు పంచాయతీ గోడ మీద, ఎరువుల దుకాణం ముందు రాయించండి. ఆడవాళ్లను మరిచిపోవద్దు. లెక్కల్లో వాళ్లు భార్యలుగా వస్తారు గాని రైతులుగా రారు.

హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చాక ఆ కౌలు రైతు ఇంటికి పోయాను. ఫైలు ఇంకా ఆగే ఉంది. భూమి ఆసామి తాను కౌలుకు ఇచ్చానని రాసి ఇవ్వడం లేదు, పదమూడింటిలో ఆ ఒక్కటే తక్కువ. ఆ సంగతి చెప్పడానికే పోయాను. ఇన్నిసార్లు ఆ ఇంటికి పోయి ఎన్నడూ అడగని మాట ఆ రోజు అడిగాను. "నిద్ర పడుతున్నదా చెల్లె?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆయన పోయినప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుందని, పొయ్యి ముందు కూర్చుంటే ఏం వండాలో మరిచిపోతున్నదని, పిల్లల మీద చేయి చేసుకుంటున్నదని చెప్పింది. ప్రాణం మీద ఆశ లేదా అని కూడా అడిగాను. గొంతు వణికింది, నాది. పిల్లలు ఉన్నారు కదా అన్నా, అప్పుడప్పుడు వస్తది ఆ ఆలోచన అన్నది. పొలం మందు డబ్బాలు రెండు ఇంకా కొట్టంలోనే ఉంటే నేను తెచ్చేశాను. ఆ రాత్రి మా ఇంట్లో ఆడవాళ్లు పోయి ఆమె దగ్గర పడుకున్నారు.

బుధవారం జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఓపీ చూస్తాడు. ఆమెను తీసుకుని పోతున్నాం. ఇంకా ఎవరైనా రావాలనుకుంటే ఉదయం ఏడున్నర బస్సుకు బస్టాండ్‌లో ఉంటాను. ఆధార్ కార్డు, ఇంతకుముందు వాడిన మందుల చీటీలు ఉంటే వెంట తెచ్చుకోండి. ఎందుకు పోతున్నామని ఎవరైనా అడిగితే సంఘం పని మీద అని చెప్పండి.